నేల విడిచిన కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. వంటింట్లో వంకాయలు తరిగే రకం అనుకునేరు, ముందే చెబుతున్నాను, కాదు. నా ముందు నిలువెత్తు కోనెం చేపని పడేయండి, తల ఒక పక్కకీ తోక ఒక పక్కకీ పంపిస్తాను. నా చెక్క ఒక పాత పడవది. నా కత్తి ఒక పాత లారీ కమాను పట్టీ. సముద్రం మీద తిరిగిన చెక్కకీ, రోడ్ల మీద తిరిగిన ఇనుముకీ పుట్టిన నేను మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ నేల మీద కూర్చునే బతికాను. అది నా ఇష్టం కాదు, అలవాటు.

నన్ను కొలిమిలో కాల్చి, సమ్మెటతో బాది, నూరి నూరి పదును పెట్టించుకున్నది ఒక పెళ్లిళ్ల వంటమేస్త్రి. లారీని మోసిన ఇనుముతో ఆయన గుమ్మడికాయలు కోయించాడు. ఒకరోజు వియ్యాలవారి కబుర్లలో పడి తన వేలు తనే కోసుకుని, తప్పంతా నా మీదకి నెట్టి, ఇది అచ్చిరాని కత్తి అని తేల్చేశాడు. తప్పు చేసిన చేతికి కట్టు కట్టడం, చేయని వస్తువుని బయట పడేయడం మనుషులకి మామూలే. అలా నేను పాతరేవు చేపల బజారులో పోలమ్మ అనే ఆవిడ దగ్గరికి చేరాను. పోలమ్మ పోయాక ఆవిడ కోడలు ఎర్రమ్మ చేతికి వచ్చాను. ఈ కథ ఎర్రమ్మది. నాది కూడా.

పాతరేవు బజారులో గదులూ గోడలూ లేవు. పైన రేకులు, కింద సిమెంటు నేల, అంతే. ఎవరి చోటు ఎవరిదో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. పీట ఎక్కడ ఉంటే చోటు అక్కడ. దానికో కట్టుబాటు ఉంది. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ప్రభుత్వం మరపడవలని సముద్రంలోకి పోనివ్వదు. వేట నిషేధం అంటారు. ఆ నిషేధం ముగిసి పడవలు మొదటిసారి ఒడ్డుకి వచ్చిన రోజున, ప్రతి ఆడమనిషీ తన పీటకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మకి దండం పెట్టుకుని, తన చోట కూర్చుని, తన చేత్తో మొదటి చేప కోయాలి. కోస్తే ఏడాది పొడుగునా ఆ చోటు ఆవిడదే. ఆ రోజు రాకపోతే, వచ్చి కోయలేకపోతే, పక్కనున్నవాళ్లు జరుగుతారు. మళ్లీ అడగడానికి ఉండదు.

ఎర్రమ్మ చోటు బజారు మొదట్లో ఉంది. ఎండ పడదు, నీళ్ల కుళాయి దగ్గర, వచ్చినవాళ్లకి ముందు కనిపించేది ఆవిడే. పక్క చోటు దానమ్మది. దానమ్మకి కొత్తగా కోడలు వచ్చింది. ఆ కోడల్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆవిడ చూసే చూపులు ఎప్పుడూ నా మీదుగానే పోయేవి.

ఎర్రమ్మ ఒకచోట ఊరుకునే మనిషి కాదు. తెల్లారేసరికి రేవులో వేలం పాటకి దిగేది. చేపల గంప తనే ఎత్తుకునేది, ఇసకలో మగవాళ్లని దాటుకుని నడిచేది. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, చేతులు రెండూ చేప మీద ఉంచుకుని బేరం ఆడేది. అలాంటి మనిషికి కుడి మోకాలు అరిగిపోయింది. నా చెక్క చివర కూర్చుని, ముందు భాగాన్ని పాదంతో తొక్కిపెట్టేటప్పుడు పళ్లు బిగించేది. లేచేటప్పుడు నా చెక్కని పట్టుకునేది, ఆ పట్టులోనే నాకు నొప్పి తెలిసేది. చివరికి ఇసకలో నాలుగు అడుగులు వేయడానికి కూడా ఆగి ఆగి నడవాల్సి వచ్చింది. సూది మందులు అయ్యాయి, తైలాలు అయ్యాయి, ఎవరో చెప్పిన పసరు పట్టు కూడా అయింది.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు మోకాలు మార్చాలన్నాడు. ఆ మాటలన్నీ ఎర్రమ్మ మొగుడు దేముడు బజారులో చెప్పగా విన్నాను. వయసు వచ్చింది కదా, ఇంక కూర్చుని తినమ్మా అని డాక్టరు నవ్వుతూ అన్నాడట. ఎర్రమ్మ నవ్వలేదట. "కూకోడానికే కదయ్యా నాను ఆపరేసన్ అడుగుతున్నాను" అందట. ఆ తర్వాత ఆయన నేల మీద బాసీపట్టు వేయకూడదు, గొంతుక్కూర్చోకూడదు అని చెబుతూ ఉంటే ఈవిడ తల ఊపుతూనే ఉందట. డాక్టర్లు అన్నాక అన్నీ వద్దంటారు, మనం వేటికి ఆగాం అని ఆవిడ లెక్క.

వేట నిషేధం మొదలైన వారమే ఆపరేషను పెట్టించుకుంది. పడవలు ఒడ్డున ఉండగా తనూ ఒడ్డున పడి ఉండి, పడవలు కదిలేనాటికి తనూ కదలాలని పంతం. దానికి ముందే తయారవడం మొదలుపెట్టింది. చుట్ట మానమన్నారు, కోసిన గాయం మానడానికి పొగ అడ్డమట. మర్నాడే చుట్టల పెట్టె తీసి దానమ్మ ఒళ్లో పడేసింది. షుగరు దించమంటే అన్నం తగ్గించింది. తొడ కండ గట్టిపడాలి, కాలు తిన్నగా చాచి బిగించి గాల్లో ఉంచమన్నారు. ఇంట్లో తీరిక ఏదీ? నా వెనక చేపల ట్రే బోర్లించి, దాని మీద కూర్చుని, బేరాల మధ్యలోనే కాలు చాచేది. తను చెప్పిన ధరకి ఈవిడ కాలు చూపిస్తోందనుకుని ఒక పెద్దమనిషి అలిగి వెళ్లిపోయాడు. ఎర్రమ్మ ఆయన్ని పిలవలేదు, కాలూ దించలేదు. నాకు ఆ రోజు ఆవిడంటే ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

ఆసుపత్రికి వెళ్లేముందు నా కత్తికి కొబ్బరినూనె రాసి, గోనెపట్టా చుట్టి, చోటు నడిమధ్యన పెట్టి, "నానొచ్చీదాకా కదలకు" అని చెప్పి వెళ్లింది. కదలడానికి నాకు కాళ్లున్నాయా? అయినా చెప్పింది. అది నన్ను నమ్మడం అనుకున్నాను.

ఖాళీ బజారులో ఎండలు గడిచాయి. దేముడు రోజూ వచ్చి నా పక్కన కూర్చుని రేకుల నీడకి చేరిన ఒకరిద్దరికి కబుర్లు చెప్పేవాడు. ఆపరేషను బాగా జరిగిందట. మర్నాడే నిలబెట్టారట. ఇంటికి తెచ్చాక చుట్టాలంతా ప్రేమకొద్దీ మోకాలి కింద మెత్తటి తలగడ పెడితే, వ్యాయామం చేయించడానికి వచ్చే షాహీన్ అనే అమ్మాయి దాన్ని తీసి పారేసిందట. మోకాలు వంగి ఉండిపోతే మళ్లీ తిన్నగా రాదని చెప్పిందట. చుట్టాలు ఆ అమ్మాయికి దయ లేదన్నారు. ఎర్రమ్మ మాత్రం ఏడుస్తూనే కాలు మంచానికేసి నొక్కిందట.

తర్వాత వాకరు పట్టుకుని ఆవిడే బజారుకి వచ్చింది. కొన్నాళ్లకి కర్రతో వచ్చింది. నడక కోసం అని ఇంట్లో చెప్పేది. అసలు సంగతి నాకు తెలుసు. బజారులో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద కూర్చుని లేచేది. కొన్నాళ్లకి ఒక ట్రే తీసేసేది. ఇంకొన్నాళ్లకి ఇంకొకటి. నేల దగ్గరపడుతూ వచ్చింది. కుర్చీలోంచి లేవడం సాధన చేయమని షాహీన్ చెప్పిన మాటని ఈవిడ ఇలా నేల దాకా లాగింది.

నిషేధం ముగియవస్తోంది. ఒక మధ్యాహ్నం చివరి ట్రే కూడా తీసేసి నా మీద కూర్చుంది. కూర్చుందనకూడదు. మోకాలు కొంత వంగి ఇంక రానని మొరాయించింది, మిగతా దూరం ఆవిడ పడిపోయింది. అయినా కూర్చోగానే నవ్వింది. తర్వాత లేవబోయింది. చేతులు నేలకి ఆనించింది, పక్కకి తిరిగింది, మోకాలి మీద బరువు వేయబోయి అరిచి ఊరుకుంది. కర్ర అందనంత దూరంలో ఉంది. చెమటతో నా చెక్క తడిసింది. అలా ఎంతసేపో.

అప్పుడు దానమ్మ వచ్చింది. కోడలి కోసం చోటు చూసుకోవడానికే వచ్చింది, నాకు అనుమానం లేదు. ఎర్రమ్మని చూసింది. ఎవరినీ పిలవలేదు. చంకల కింద చేతులు వేసి, గంప ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టింది.

"ఒదినా, ఈ సోటు కోసం కాలు పోగొట్టుకుంటావేటి?" అంది.

"సోటు పోయేక కాలుండి ఏటి సేసుకోను?" అంది ఎర్రమ్మ.

దానమ్మ కర్ర అందించి వెళ్లిపోయింది.

మోకాలు వాచింది. చేపలకి వేసే ఐసు గుడ్డలో కట్టి పెట్టుకున్నారట. రెండు రోజులు గడిచాక షాహీన్ ఎర్రమ్మని నడిపిస్తూ బజారు దాకా వచ్చింది, ఇంత మొండిగా దేనికోసం కూర్చుందో చూద్దామని. నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"అమ్మా, ఈ మోకాలు నడవమంటే నడుస్తుంది, మెట్లెక్కమంటే ఎక్కుతుంది, నిలబడమంటే నిలబడుతుంది. నేల మీదకి మాత్రం దించకండి. మీకు చేతకాక కాదు, దాని తయారీయే అంత" అంది.

ఆ మాట ఎర్రమ్మ కంటే ముందు నాకు అర్థమైంది. నేనూ తయారైన వస్తువునే. గుమ్మడికాయల దగ్గర నేను పడ్డ అవస్థ నాకు తెలుసు.

ఎంతసేపు నిలబడొచ్చు అని ఎర్రమ్మ అడిగింది. మెల్లగా అలవాటు చేసుకుంటూ, మధ్యలో ఎత్తు స్టూలు మీద కాస్త ఆనుకుంటూ ఉంటే పూట గడిచిపోతుందని షాహీన్ చెప్పింది. ఎర్రమ్మ నన్నూ, తన నడుం ఎత్తునీ చూసుకుంది. తర్వాత వెనకే వచ్చిన దేముడితో, "మాఁవా, వడ్రంగిని కేకెయ్యి" అంది.

వడ్రంగి వచ్చి నా పొడుగూ వెడల్పూ కొలుచుకున్నాడు, ఎర్రమ్మ నడుం ఎత్తు కొలుచుకున్నాడు. నన్ను బల్ల ఎక్కిస్తారని అప్పుడు తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పోలమ్మ పాదం, ఎర్రమ్మ పాదం తొక్కిపెడితే పనిచేసినదాన్ని, నాలుగు కర్రకాళ్ల మీద ఊరేగడమా? పైగా నన్ను నేల మీంచి ఎత్తితే చోటు పోదూ? ఎర్రమ్మ అవేమీ పట్టించుకోలేదు. అప్పట్నుంచి రోజూ బజారు స్తంభం పట్టుకుని నిలబడడం సాధన చేసింది. మడమలు ఎత్తేది, దించేది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చేది. చివరికి స్తంభం వదిలేసింది.

పడవలు వచ్చిన రోజు రానే వచ్చింది. బజారంతా పసుపు వాసన. ఆడవాళ్లంతా ఎవరి పీట మీద వాళ్లు కూర్చున్నారు. ఎర్రమ్మ కర్ర లేకుండా నడిచి వచ్చింది, వెనక దేముడూ వడ్రంగీ బల్ల మోసుకొచ్చారు. బల్ల కాళ్లు సరిగ్గా నా చోటులోనే దించారు. గోనెపట్టా విప్పి నన్ను ఎత్తి బల్ల మీద పెట్టి, చెక్కకి బెజ్జాలు వేసి బోల్టులు బిగించారు. ఎర్రమ్మకి మత్తు ఇచ్చి చేశారు, నాకు అదీ లేదు. నేను కిక్కురుమనలేదు.

బజారంతా పని ఆపి చూసింది. దానమ్మే నోరు విప్పింది. "పీట నేల ఒదిలీసింది. ఒదిలీసిన సోటు ఎవులిదైనా అవుద్ది. కట్టుబాటు నాను పెట్టింది కాదు, ఒదినా."

అందరూ సూరమ్మ వైపు చూశారు. సూరమ్మ బజారుకి పెద్ద. తగువు వచ్చినప్పుడు ఆవిడ మాటే చివరి మాట. 

ఎర్రమ్మ కోనెం చేపని తెచ్చి నా ముందు పెట్టింది. చేతులు కడుక్కుంది. "పీట సంగతి ఒగ్గీ, దానమ్మా. నా కాళ్లు సూడు. ఎక్కడున్నాయి? మా అత్త కూకున్న సోట్లోనే ఉన్నాయి. కూకోనేక నిలబడ్డాను, నిజిమే. దానికి నాకు సిగ్గు నేదు. నా సోటు ఒదిలి పోతే కదా సిగ్గు" అంది.

ఎవరి తీర్పు కోసమూ ఆగలేదు. రెండు చేతులా చేపని పట్టుకుని, కుడికాలి మీద బరువు ఆనించి, నా కత్తి మీదకి తోసింది. పాదం తోడు లేకుండా పనిచేయగలనో లేనో అని నాకు భయం వేసింది. బోల్టులు కదలలేదు, బల్ల కదలలేదు, ఎర్రమ్మ కదలలేదు. చేప తెగింది. నా జన్మలో అంత శుభ్రంగా ఎప్పుడూ కోయలేదు.

 సూరమ్మ బల్లని కింద నుంచి పైదాకా చూసింది. ఆవిడని పొద్దున్నే ఇద్దరు పట్టి పీట మీద దించుతారు, సాయంత్రం ఇద్దరు పట్టి లేపుతారు. ఆ సంగతి బజారులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. చివరికి సూరమ్మ ఎర్రమ్మ వైపు తిరిగింది.

"ఒసే ఎర్రమ్మా, నాకైతే బల్ల ఎంత ఎత్తు సేయించాలే?" అని అడిగింది.

ఇప్పుడు పాతరేవు బజారులో బల్లలు చాలానే ఉన్నాయి. దానమ్మ ఇంకా నేల మీదే కూర్చుంటుంది, నిలబడి అమ్మేవాళ్లకి అణకువ లేదంటుంది. కోడలికి బజారు చివర ఎండలో చోటు దొరికింది, ఆ పిల్ల మొదటి రోజు నుంచీ నిలబడే కోస్తోంది. ఎర్రమ్మకి వాన పట్టినప్పుడు మోకాలు సలుపుతుంది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఆ సలుపుని తిట్టుకుంటూనే వేలం పాటకి వెళుతుంది. నేను ఇన్నేళ్లూ జనం పాదాలే చూశాను, ఇప్పుడు మొహాలు చూస్తున్నాను. బేరం ఆడేవాళ్లు పైనుంచి మాట విసరడం తగ్గింది.

నా కత్తి సగానికి సగం అరిగింది. పాత ఇనుము కొనేవాడు మొన్న బండి ఆపి నన్ను పైకీ కిందకీ చూసి, దీన్ని ఇచ్చేస్తారా అన్నాడు. ఎర్రమ్మ వాడి కళ్లలోకి చూస్తూ, బరువు కుడికాలి మీదకి మార్చుకుని, ఇంకో చేప అందుకుంది.