వాన వినిపించే రాయి

దుకాణం తెరవగానే కోడలు చేసే మొదటి పని కిటికీ అద్దం తుడవడం. తిప్పుతుంటే రంగులు మెరిసే ఓపల్ రాళ్ళను లైట్ల కింద కాదు, పగటి వెలుతురులో చూడాలన్నది అత్తగారు నేర్పిన మొదటి పాఠం.

ఆ పెద్దావిడకు ఇరవై ఏళ్ళుగా చెవులు వినపడవు. ఎవరేమన్నా పెదాల కదలిక చూసే తెలుసుకుంటుంది. ఓపల్ రాళ్ళు మాత్రం వినపడతాయి. చెవికి ఆనించుకుంటే లోపల వాన కురుస్తున్న చప్పుడు. ఆ రాయి తనలో కాస్త నీటిని దాచుకునే పుడుతుంది కాబట్టి వీధిలో ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. కోడలు కంటితో ఏరిన రాళ్ళను ఆవిడ చెవితో ఖాయం చేసేది.

ఒక మధ్యాహ్నం బస్సు డ్రైవరొకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మూడేళ్ళ కిందట ప్రమాదం జరిగి ఎనిమిది నెలలు మంచాన పడ్డాడట. ఊపిరి ఆడుతోందో లేదోనని భార్య రాత్రుళ్ళు పక్కనే కుర్చీలో కూర్చుని గడిపింది. ఆయన లేచి మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాడు గానీ, ఆవిడకు నిద్ర తిరిగి రాలేదు. మందులూ పనిచేయలేదు. ఆ రుణం తీరేది కాదని తెలిసినా, ఒక మంచి ఉంగరం చేయించాలని ఆయన ఆశ.

వేరే దుకాణంలో నచ్చిన రాయిని, ఒకసారి చూపించి తెస్తానని అక్కడ చెప్పి తీసుకొచ్చాడు. దాని నల్లటి అడుగు మీద ఎరుపూ పచ్చా భగభగలాడుతున్నాయి. కోడలు దాన్ని కిటికీ దగ్గర పక్కకు తిప్పి పట్టుకుంది.

"అంచు చూడండన్నయ్యా, గీత గీసినట్టు తిన్నగా లేదూ? పైన పల్చటి ఓపల్ పొర, కింద ఇంకేదో నల్లరాయి. రెండూ అతికించారు. చెప్పి అమ్మితే తప్పు లేదు. కానీ నీళ్ళలో నానితే పొరల మధ్య మసకేస్తుంది."

తర్వాత తన పళ్ళెంలోని రాళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూపించింది. ఎటు వంచినా రంగులు ఆరిపోకూడదంది. డ్రైవరు కన్ను మళ్ళీ ఎర్రగా మెరిసేదాని మీదే పడింది. అత్తగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"ఇది వాన కాదు, కారే కుళాయి."

కోడలు భూతద్దం పెట్టి చూస్తే అంచున వెంట్రుకంత పగులు.

ఆయన మొహం వాడిపోయింది. అప్పుడు పెద్దావిడ మూలనున్న పాలరంగు రాయిని తీసింది. అందులో కొద్దిగా నీలం, కొద్దిగా ఆకుపచ్చ. రంగులో ఇది గొప్పది కాదని కోడలు ఉన్నమాటే చెప్పింది. పగులు లేదు, అతుకు లేదు, ఎటు తిప్పినా ఆ కాస్త రంగూ నిలిచే ఉంటుంది. అత్తగారు దాన్ని డ్రైవరుకివ్వలేదు. ఆయన భార్య చెవికి ఆనించింది.

"వాన పడుతోంది," అందామె.

అంతవరకూ అత్తగారికి తప్ప ఇంకెవరికీ వినపడని వాన అది. పెద్దావిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"కళ్ళు మూసుకో తల్లీ."

"ఆయన ఊపిరి..."

"నేను చూస్తుంటాగా. నువ్వు వాన విను."

ఆమె గోడకు తల ఆనించి నిద్రపోయింది. కోడలు షట్టరు సగం దించింది. డ్రైవరు సాయంత్రం డ్యూటీకి రాలేనని డిపోకు మెల్లగా ఫోన్ చేసి, భార్య ఎదురుగా కూర్చుని, ఊపిరి కాస్త గట్టిగానే తీస్తూ ఉండిపోయాడు. పెద్దావిడ మాటిచ్చినట్టే ఆయన ఛాతీ మీంచి చూపు తిప్పలేదు.

నాలుగు గంటల తర్వాత ఆమె లేచి, బాగా పొద్దుపోయిందే అని కంగారుపడింది. డ్రైవరు పెద్దావిడ చేతులు పట్టుకున్నాడు. పెదాలు వణుకుతుంటే ఆయన ఏమన్నాడో ఆవిడకు అందలేదు గానీ, ఏమని ఉంటాడో తెలిసింది.

"ఉంగరం వద్దు నాయనా. ఇది మెత్తటి రాయి, చేతికుంటే గీతలు పడతాయి. చెవికి దుద్దు చేయించు."

"ఉన్నది ఒకటే రాయి కదా పెద్దమ్మా, రెండో చెవికో?"

"రెండో చెవి నీ మాటలు వినడానికి ఉండనీ."

దుద్దు చేయించిన మర్నాడు పొద్దున డ్రైవరు లేచేసరికి భార్య చిన్నగా గురక పెడుతోంది. ఆయన కాసేపు అక్కడే నిలబడి విన్నాడు. తర్వాత తన క్యారియరు తానే సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి డ్యూటీకి వెళ్ళాడు.