టీ పెట్టడం మరిచిపోయిన మనిషి

"టీ ఎలా పెడతారో వరసగా చెప్పండి" అని శిక్షణ ఇచ్చే అమ్మాయి అడగగానే మా ఆయన నా వైపు చూశాడు. పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి కోసం వారం వారం జరిగే తరగతి అది. పాఠం ఆయనకి. ఆయన మందుల సంచీ, నీళ్ల సీసా పట్టుకుని గోడవారన బెంచీ మీద కూర్చోవడం నా వంతు. "గిన్నె..." అన్నాడు. "నీళ్లు..." అన్నాడు. ఆ తర్వాత మళ్లీ నా వైపే చూశాడు. ఆ అమ్మాయి జాలిగా తలూపి సున్నా వేసింది.

సంగతి తెలిశాక పిల్లలు ఒకటే గోల. కూతురు ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. "టీ పెట్టడం కూడా మరిచిపోయారంటే నాన్నకి బాగా ముదిరినట్టే కదమ్మా. పక్కనే ఉండి నువ్వేం కనిపెట్టావు?" కొడుకు పెద్ద డాక్టరు దగ్గర పేరు రాయించాడు. ఈయన మంచం ఎక్కాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు ఈ మనిషి. తెలియనిదాన్ని ఎవరైనా ఎలా మరిచిపోతారు?

మరుపంటే ఏమిటో నన్నడగాలి. ఇంట్లో ఆయన చేత అభ్యాసం చేయించేది నేనే. గొడుగు, చెంచా, నది అంటూ మాటలు చదివి, కాసేపాగి అప్పజెప్పించుకోవాలి. ఆయన చాలావరకు చెప్పేస్తాడు. చదివిన నాకే ఒక్కటీ మిగలడం లేదు. మొన్నీమధ్య కూరగాయల సంచీతో మా సందు మొదట్లోనే నిలబడిపోయాను. ఇల్లు ఎటో తెలియలేదు. మలుపులో కొట్టు అతన్ని అడిగితే, వేళాకోళం అనుకుని నవ్వుతూ చూపించాడు. ఆ మాట అన్నం దగ్గర చెప్పాను. "నీకిది కొత్తా? నీ మతికి ముందునుంచీ చిల్లే" అన్నాడు ఆయన, కంచంలోంచి తలెత్తకుండా. కూతురైతే ముద్దుగా మరుపురాణి అంటుంది. మా అత్తగారు పెట్టిన పేరది, కూరలో ఉప్పు మరిచిపోయిన ఒక్క పూటకి. ఆ పూట ఆవిడ మాత్రలు, ఈయన చొక్కా గుండీ, పిల్లల పరీక్షలు, ఆడపడుచు పురుడు, అన్నీ గుర్తున్నాయి నాకు. ఒక్క బుర్రలో ఇంతమంది పనులు కుక్కితే ఉప్పు జారిపోయింది. ఇప్పుడు బుర్రే జారిపోతోందంటే, పాత జోకే కదా అని నవ్వేస్తున్నారు. నాకు భయంగా ఉంది.

తర్వాతి తరగతిలో ఆ అమ్మాయితో చెప్పేశాను. "ఆ సున్నా కొట్టేయమ్మా. ఈయన మరిచిపోలేదు. అసలెప్పుడూ నేర్చుకోలేదు."

ఆ అమ్మాయి తెల్లబోయింది. మా ఆయన ముఖం ముందు వెలిగి, ఆ వెంటనే ముడుచుకుంది. నేను సంచీ ఆయన ఒళ్లో పెట్టి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నువ్వెందుకిక్కడ? నీకూ పాఠాలైతే ఇంటిదగ్గర నాకెవరు చదువుతారు?" అన్నాడు.

"మీరు నాకు చదవండి" అన్నాను.

నాకేం అవుతోందని ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. సందు మొదట్లో నిలబడిపోయిన సంగతి చెప్పాను.

"దారి తెలియక చాలా భయపడి ఉంటారు" అంది.

"లేదమ్మా. తెలియనంతసేపూ ఎవరి పనీ గుర్తు రాక ప్రాణం హాయిగానే ఉంది. ఇల్లు కనబడ్డాకే భయం వేసింది."