పదిహేడో పేరు

బద్వేలు కోర్టు ఆవరణలో పేదవాళ్లకు ఊరికే సలహా చెప్పే గది ఒకటి ఉందని విని, పాపను చంకనేసుకుని పోయాను. మా ఆయన భూపేష్‌కు చెప్పలేదు. చెబితే వద్దనేవాడు. ఆయనకు తెలిసిన దారి ఒకటే, ఈసారి నా పేరు మీద ఐపీ పెట్టడం. అప్పులు తీర్చే శక్తి లేదని కోర్టుకు రాసిచ్చి చేతులు దులుపుకోవడాన్ని మా వైపు ఐపీ పెట్టడం అంటారు.

రెండేళ్ల కిందట బేతంచెర్లలో మా నాపబండల పాలిషింగ్ యూనిట్ మునిగిపోయినప్పుడు ఆయన పేరు మీద ఒకటి పెట్టి, ఊరు వదిలేసి బద్వేలు చేరుకున్నాం. ఆయనకు ఇక ఎవరూ అప్పు ఇవ్వరు. అందుకని ఇక్కడ పెట్టిన కూల్‌డ్రింకుల కొట్టుకు, అది మూతపడ్డాక ఇంటి బాడుగకు, పాప పాలకు, అప్పులన్నీ నా పేరు మీదే పుట్టాయి. ఒక ఫైనాన్సు కంపెనీకి లక్షా పదివేలు. మా వీధిలో ఆరుగురు ఆడవాళ్లకు చేబదుళ్లు అరవై రెండు వేలు.

గదిలో శివలీల అనే మేడం ఉంది. ముందు పాపకు గ్లాసుతో నీళ్లిచ్చింది. నా అప్పుల లెక్కంతా రాసుకుని, తరువాత నన్ను అడిగింది.

"ఇంతకుముందు కోర్టుకు ఏమన్నా పోయింటిరా?"

"మా ఆయన ఐపీ పెట్టినాడు మేడం."

"ఆ కాగితాలు ఉండాయా?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె తిరగేస్తుంటే నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. అందులో ముప్పై ఒక్క పేర్లున్నాయి. వకీలుకు ఆ జాబితా రాసిచ్చింది నేనే. పదో తరగతి సగంలో మానిపించినా నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నువ్వే రాయి అన్నాడు భూపేష్. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు కావాలన్నారు. తెలియనివాళ్లవి పోయి అడిగి రాసుకున్నాను.

పదిహేడో పేరు ఓబుళేశుది. మా యూనిట్‌లో లారీలకు బండలు ఎక్కించేవాడు. ఆలూరు వైపు మనిషి. మోకాలి ఆపరేషనుకని దాచుకున్న డెబ్బై వేలు, నోటు కూడా రాయించుకోకుండా మాకిచ్చాడు.

"అన్నా, మీ నాయన పేరేమి?" అని అడిగాను.

మొహం మీద రాతి దుమ్ము తలకు చుట్టిన తువ్వాలు కొసతో తుడుచుకున్నాడు. "పుల్లన్న మ్మా. ఏం, చెక్కు రాసిస్తారా?"

నేను ఊ కొట్టాను.

నెల తరువాత ఓబుళేశుకు కోర్టు కవరు వచ్చింది. ఐపీలో అప్పు చేసినవాడు అర్జీదారు, ఇచ్చినవాళ్లు ప్రతివాదులు. ఆయనకు చదువు రాదు. టీ కొట్టు దగ్గర ఎవరో ఆయన పేరు, తండ్రి పేరు, కోర్టు పేరు మాత్రం చదివి చేతిలో పెట్టారు. అటునుంచి అటే మా ఇంటికి వచ్చి గడప అవతల నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మ్మా, నా దుడ్లు అడగనులే. నా మింద కేసు మాత్రం తీసేయమని చెప్పు. మా నాయన పేరు గూడా ఎక్కించినారంట. ఆయప్ప సచ్చి పన్నెండేండ్లాయె."

అది కేసు కాదన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పులవాళ్లతో ఏమీ మాట్లాడొద్దని వకీలు చెప్పి ఉన్నాడు. లోపలినుంచి భూపేష్ చేత్తో సైగ చేశాడు. నేను తలుపు దగ్గరికి వేశాను. కాసేపు అవతల దగ్గు వినిపించింది. తరువాత వినిపించలేదు.

మరుసటి రోజు తెల్లవారి రైలెక్కి పోయిన మనిషి ఇంతవరకూ ఇల్లు చేరలేదు. పోలీసులు పట్టుకుంటారని భయపడి పోయాడంటారు. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పనిలో చూశామని ఒకరు, కర్నూలు పెద్దాసుపత్రి మెట్ల మీద చూశామని ఒకరు అన్నారు. నాకైతే రోజూ కనిపిస్తాడు. బస్సులో తలకు తువ్వాలు చుట్టుకున్న ప్రతి మనిషి మొహం వంగి చూస్తాను. పాప దగ్గితే కూడా ఒక్కోసారి గడప వైపు చూస్తాను. ఆయన భార్య నాగక్క అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఫైనాన్సు వాళ్ల ఫోన్లు తీయను గానీ ఆమెది తీస్తాను. "ఆయప్ప మీ తట్టు ఏమన్నా వచ్చెనా మ్మా?" అంటుంది. రాలేదక్కా అంటాను.

"ఇంకొకటి పెట్టొచ్చా మేడం?" అని అడిగాను శివలీలను.

"పెట్టొచ్చు. కానీ మీ ఇంట్లో ఒకటి ఉండాదని జడ్జిగారు గట్టిగానే అడుగుతారు. ఫైనాన్సు వాళ్లు ఎట్లయినా వకీలును పెట్టుకుంటారు. ఈ ఆడవాళ్లు యాడ పెట్టుకుంటారు చెప్పు." అర్జీ కాగితం ఒకటి నా ముందుకు జరిపింది. "కంపెనీకి ఇది పెడదాం, వాయిదాలు చిన్నవి చేసి గడువు పెంచమని. పాత కంతు కట్టేదానికి కొత్త అప్పు తేవద్దు. ఆరుగురినీ ఈడికి పిలిపించి, నెలకు ఇంతని ఒప్పందం రాయిస్తాం. ఒక్కొక్కరికీ నోటీసు పంపితే..."

"నోటీసు వద్దు మేడం." గొంతు నాదే, కానీ మరీ పెద్దగా వచ్చింది. పాప ఉలిక్కిపడింది. "నేనే పోయి చెప్తా."

"తిడతారమ్మా."

"తిడతారు."

"సరే. తిట్టించుకొని సోమారం రా."

బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. నేరుగా హనుమంతమ్మ ఇంటికి పోయాను. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని అమ్ముతుంది. నాకు పదిహేను వేలిచ్చింది. నడవలో కత్తిపీట ముందు ఎర్రగడ్డలు తరుగుతోంది.

"ఏమే జ్యోతీ, దారి తప్పి వచ్చినావే. దుడ్డు తెస్తివా, నీళ్లు తాగిపోయేదానికి వస్తివా?"

"తేలేదక్కా. ఒక మాట చెప్పల్ల. మా ఆయన నా పేరు మింద ఐపీ పెట్టమంటాండాడు."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "అంటే ఎగ్గొట్టేదా?"

"అట్ల పెడితే నీకు కోర్టునుంచి కవరు వస్తాది. అందులో నీ పేరు ఉంటాది."

ఆమె మొహం మారింది. ఆ మార్పు నాకు తెలుసు. "నేనేం చేసినానే? దుడ్డిచ్చినందుకు నన్ను స్టేషన్‌కు పిలుస్తారా?"

"లేదక్కా. అది నీ మింద కేసు కాదు. నువ్వేమీ తప్పు చేయలేదు. తప్పు మాది." పాపను దించి గడప మీద కూర్చున్నాను.

అప్పుడే భూపేష్ ఫోన్ చేశాడు.

"యాడ పోతివి మే? నాలుగింటికి వకీలు రమ్మన్నాడు. ఆధార్ కార్డు తీసుకొని రా."

"నేను సంతకం పెట్టను. హనుమంతమ్మక్క ఇంట్లో ఉండా."

"ఆడెందుకు? ఏం చెప్తివి?"

"అంతా చెప్పేసినా."

ఇంకో మాట అననీయకుండా నేనే ఫోన్ పెట్టేశాను.

హనుమంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఎర్రగడ్డల ఘాటుకో దేనికో. "నీ మొగునికంటే నీకే కొవ్వెక్కువ. ఇన్ని మాటలు చెప్తాండావు, పదిహేను వేలు మాత్రం నీ నోట్లోనుంచి రాలేదు సూడు."

"నెలనెలా ఇస్తా అక్కా."

"నీ నెలలు నాకొద్దు. రేపటినుంచి పొద్దున అయిదుకు వచ్చి ఎర్రగడ్డలు తరుగు, బొరుగులు నానబెట్టు. దినానికి నూటయాభై బాకీలో పట్టుకుంటా. పాప ఈడనే పండుకుంటాది." కత్తిపీట ముందుకు లాక్కుంది. "ఈరక్కకు చెప్తివా?"

"ఇంకా లేదు."

"నేను మాత్రం చెప్పను. ఆయమ్మ నోరు నీకు తెలుసు కదా."

ఆ ఆరుగురిలో ఇంకొకరైన ఈరక్క ఇల్లు రెండు గడపల అవతల. నేను పోయేసరికి పెసలు చెరుగుతోంది. నేను మొదలుపెట్టి సగం చెప్పేలోగా చేట కింద పెట్టి లేచింది.

"ఆగు. నాకొక్కదానికే చెప్తే ఎట్ల? మా ఆయన్ను పిలుస్తా, మా అత్తను పిలుస్తా. వీధిలో వాళ్లు గూడా రానీ."

వాళ్లంతా వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాను. పాప నీడ కోసం నా కొంగులోకి దూరింది. ఈరక్క అత్త మంచం తెచ్చి వేసుకుని కూర్చుంది. ఎదురింటివాళ్లు తలుపులు తీశారు.

"ఊ, ఇప్పుడు చెప్పు," అంది ఈరక్క. "మొదట్నుంచి చెప్పు."

నేను బేతంచెర్ల నుంచి మొదలుపెట్టాను.