సంచారి గారి నాణెం

వాష్‌బేసిన్‌లో చొక్కా ఉతకడం ఒక విద్య. ముందు నీళ్లు పోయే రంధ్రంలో సాక్సు కుక్కాలి. బిరడా ఉన్న బేసిన్ ఈ ఏడాది దిగిన హోటళ్లలో ఆమెకు ఎక్కడా తగల్లేదు. షాంపూ పొట్లం చింపి నురగ తేవాలి, కాలరు దగ్గర గోటితో రుద్దాలి, గట్టిగా పిండి తువ్వాలులో చుట్టి దానిమీద ఎక్కి కాసేపు నిలబడాలి. అప్పుడు గంటలో ఆరుతుంది. ఆ ఉదయం ఆమె అలా తువ్వాలు మీద నిలబడే ఉంది. పదకొండింటికి లైవ్. ఏడాది కిందట బయల్దేరినప్పుడు వేసుకున్న నీలం చొక్కాయే ఇవాళ కూడా వేసుకోవాలని మొగుడుగారికి నిద్ర లేచాక గుర్తొచ్చింది.

అతన్ని లోకం సంచారి అంటుంది. భార్యతో కలిసి ప్రపంచం చుట్టి వస్తున్న మనిషిగా అతని వీడియోలు లక్షమంది చూస్తారు. ‘భార్యతో కలిసి’ అన్నది పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వీడియోల్లో మాత్రం ఆమె ఎక్కడా కనపడదు. ఫోను పట్టుకునేది ఆమె కదా మరి.

తువ్వాలు మీద ఉండగానే అత్తగారి ఫోను వచ్చింది. “పెట్టి పుట్టావే తల్లీ! మా రోజుల్లో పక్క ఊరు తీసుకెళ్లమంటేనే కళ్లెర్రజేసేవాళ్లు. నా కొడుకు నీకు లోకమంతా చూపిస్తున్నాడు.”

“అవునత్తయ్యా,” అంది.

లోకం చూసిన మాట నిజమే. ఆమె చూసిన లోకంలో కుళాయిలు ఎక్కువ. కుడికి తిప్పితే వేడినీళ్లొచ్చేవి, ఎడమకి తిప్పితే వచ్చేవి, ఎటు తిప్పినా రానివి. ఏ ఊళ్లో దిగినా అతను కొండ ఎక్కడుందని అడిగేవాడు, ఆమె మందుల షాపు ఎక్కడుందని అడిగేది. అతని కడుపు కొత్త నీళ్లకు పడదు. ఆ సంగతి లక్షమందికి తెలియదు.

ఆమెకు ఇంకో పేరుంది, గడియారమ్మ. బస్సు డిపోలో డ్రైవర్లు పెట్టిన పేరు. పదకొండేళ్లు అక్కడ డ్యూటీ చార్టులు వేసింది: ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఎవరు తోలాలి, ఎవరికి ఎప్పుడు విశ్రాంతి. ఏడాది సెలవు పెడతానంటే డిపో మేనేజరు నెత్తి పట్టుకుని, సరిగ్గా ఏడాదికి ఒకటో తారీఖున రావాలి, రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని కాగితం మీద రాసిచ్చాడు. ఆ ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. “ఒక్క ఏడాదే. ఆ తర్వాత నీ డిపో నీకు, నీ చార్టులు నీకు” అని అప్పట్లో మాటిచ్చిన మొగుడు, మొన్న గుర్తు చేస్తే నవ్వాడు. “గడుల్లో పేర్లు రాయడం కూడా ఒక ఉద్యోగమేనా? నువ్వు లేకపోతే బస్సులు ఆగిపోతాయా?”

ఆగిపోతాయి. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి రెండు రోజులు వెళ్లకపోతే ఒకే బస్సు దగ్గర ముగ్గురు డ్రైవర్లు తేలారు, మూడు బస్సులకు దిక్కు లేదు. ఈ ముక్క అతనికి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అప్పుడతను కొండ మీద సూర్యోదయం గురించి ఏదో రాసుకుంటున్నాడు, కదిలిస్తే ఊరుకోడు.

సంచారికి ఇంత పేరు రావడానికి కారణం ఒక నాణెం. ప్రతి వీడియో చివర్లో దాన్ని ఎగరేస్తాడు. బొమ్మ పడితే ఒక దారి, బొరుసు పడితే ఇంకో దారి. “ప్లాన్ వేసుకుంటే అది ప్రయాణం కాదు తమ్ముళ్లూ, డ్యూటీ” అంటాడు. జనం వెర్రెత్తిపోతారు. అసలు సంగతి ఏమిటంటే, టికెట్లు ఆమె పది రోజుల ముందే తీసేసి ఉంటుంది. అందుకని కావలసిన వైపు పడేదాకా ఎగరేస్తూనే ఉండాలి. ఒకచోట చలిగాలిలో పంతొమ్మిదిసార్లు ఎగరేశాడు. మధ్యలో నాణెం కాలవలోకి దొర్లితే చీలమండ దాకా బురదలో దిగి తీసింది ఆమే.

పదకొండింటికి లైవ్ మొదలైంది. నీలం చొక్కా కాస్త తడిగానే ఉంది. కిటికీ వెలుగులో నిలబడి అతను చేతులు చాచాడు. “ఏడాది పూర్తయింది! ఇవాళ నాణెం మా జీవితాన్నే తేల్చేస్తుంది. బొమ్మ పడితే ఇంకో ఏడాది తిరుగుతాం. బొరుసు పడితే ఇంటికి.”

ఈ సంగతి ఆమెకు ఊరందరితో పాటే తెలిసింది. తెర మీద మాటలు వరదలా వస్తున్నాయి: బొమ్మే పడాలన్నయ్యా! ఇంకో ఏడాది! వదినగారి గొంతు ఒక్కసారి వినిపించండి!

నాణెం ఎగిరింది, నేల మీద గిర్రున తిరిగింది, పడింది. అలవాటు ప్రకారం ఆమె ఫోనును నాణెం దగ్గరికి దించింది. బొరుసు.

“ఛ! మళ్లీ. నువ్వు కొంచెం వెనక్కి జరుగు,” అన్నాడు సంచారి.

ఏడాది అలవాటు అంత తేలిగ్గా పోతుందా? లైవ్‌లో ‘మళ్లీ’ ఉండదని అతనికి తట్టనే లేదు. మళ్లీ ఏంటన్నయ్యా, అన్నారెవరో. అలా ఎంతమంది అడిగినా చూసుకోకుండా ఎగరేశాడు. ఈసారి బొమ్మ. “చూశారా! దారే పిలుస్తోంది!”

ఆమెకు ఆ బొమ్మ మీద కోపం రాలేదు. కోపం తన మీద వచ్చింది. ఇందాక బొరుసు చూడగానే గుండె ఎంత సంతోషంతో గంతేసింది! పదకొండేళ్ల పనికి తిరిగి వెళ్లడానికి ఒక చిల్లర బిళ్ల ఎటు పడుతుందా అని ఊపిరి బిగబట్టి చూసిందే! ఆ బొరుసే ఖాయమై ఉంటే ఈపాటికి దానికి మనసులో దండం పెట్టుకునేది కూడా. ఛీ, అనుకుంది. ఫోను తన వైపు తిప్పుకుంది. చెదిరిన జుట్టు, మోచేతి దాకా మడిచిన తడి కుర్తా చేతులు. ఏడాదిలో మొదటిసారి ఆమె ముఖం తెర మీద పడింది.

“నేనే వదినని,” అంది. “ఈ నాణెం ఎటు పడినా ఒకటే. ఏడాదిగా ప్రతి టికెట్టూ నేనే తీశాను, పది రోజుల ముందు. అది కావలసిన వైపు పడేదాకా ఎగరేస్తాం. ఇంటికి కూడా రెండు టికెట్లు తీసేశాను, రేపు ఉదయానికి. ఒకదాంతో నేను వెళ్తున్నాను. ఒకటో తారీఖున నాకు డ్యూటీ ఉంది. రెండో టికెట్టు సంగతి మీ అన్నయ్యని అడగండి.”

లైవ్ ఆపేసింది.

“పరువు తీశావు,” అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. “పో! వెళ్లి గడులు నింపుకో. నేనేం రాను. నువ్వు లేకపోతే నా ప్రయాణం ఆగిపోతుందా?”

ఆమె తన బట్టలు మడత పెట్టుకోసాగింది. తన బట్టలు మాత్రమే. ఏడాదిలో ఇంత త్వరగా సర్దడం ఎప్పుడూ అవలేదు, సగం పెట్టె ఖాళీగా మిగిలిపోయింది.

అతను ఫోను తెరిచాడు, మూశాడు. కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. చివరికి, ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగాడు.

“ఇక్కణ్ణుంచి రేపు ఎటు వెళ్లాలి? బస్సు ఎన్నింటికి?”

ఉత్తరం వైపు బస్సు తొమ్మిదీ ఇరవైకి ఉంది. ఆమె చెప్పలేదు.