పగటి నిద్ర హాలు

మా గుడిసెల వరసకు హాలు వచ్చిన ఏడాదే నాకు గయ్యాళి అన్న పేరూ వచ్చింది. రెండోదానికి కారణం మా ఆయన నిద్ర.

ఆయన పేరు రాజం. గోదావరిఖని బొగ్గుబాయిలో పని, ఎక్కువగా రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి పడుకుంటే నిద్ర ఎక్కడిది? పైన రేకులు కాలిపోతుంటాయి. బయట పిల్లల గోల, నల్లా దగ్గర ఆడవాళ్ల కొట్లాట. ఆ కొట్లాటలో నా గొంతూ ఉండేది, కాదనను. రానురాను మనిషి నాతో పోట్లాడటం కూడా మానేశాడు. నేనెంత అరిచినా "ఊ" అని ఊరుకునేవాడు. ఒకనాడు బాయిలో నిలబడే కునికాడట. పని చూసే సర్దార్ ఎల్లేశం జబ్బ పట్టి గుంజకపోతే బొగ్గు మోసే టబ్బు బండి మీదికి వచ్చేసేదే. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

హాలుకు పైసలు స్వీడన్‌ దేశంలోని ఒక సంఘం పంపింది, ఆడవాళ్లు చదువు నేర్వాలని. మట్టి మోసింది, రాళ్లు అందించింది మేమే. మంథని నుంచి వచ్చిన వామనరావు సారు ఆ పనులకు పెద్ద. మందపు రాతి గోడలు, పైన పెంకులు. ఎండాకాలం లోపల అడుగు పెడితే కొత్త కుండలో నీళ్లంత చల్లగా ఉండేది. చదువు చెప్పేది సాయంత్రం. అంత చల్లని చోటు పొద్దంతా ఖాళీగా పడి ఉంటే చూస్తూ ఊరుకుంటానా? తాళంచెవి నా దగ్గరే ఉండేది. నేనే తాళం తీసి, చాప పరిచి, "పండుకో బావా" అన్నాను. మర్నాటికి రాత్రి షిఫ్టు వాళ్లంతా చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. కిటికీలకు తడి గోనెసంచులు కట్టి చీకటి చేశాం. నెల తిరక్కముందే రాజం మళ్లీ నాతో గొడవకు దిగాడు. నా సంతోషం అంతా ఇంతా కాదు.

అంతలో వామనరావు సారు మొహం మాడ్చుకుని వచ్చాడు.

"లింగవ్వా, రేపు పొద్దున స్వీడన్ దొరసాని వస్తున్నది. ఆడోళ్ల చదువుకిచ్చిన హాల్ల మగోళ్లు గురక పెడితే ఏమంటది? రేపు చదువే నడవాలె. దొరసాని పోయినంక తాళంచెవి కూడా నాకే ఇయ్యాలె."

"గట్లయితే మా బావ ఏడ పండాలె సారూ? టబ్బు కిందనా?"

"నేనేం జెయ్యాలె? పైసలిచ్చినోళ్ల మాట."

రాజం పక్కనే ఉన్నాడు. "ఊకో లింగవ్వా. ఇంట్లనే పండుకుంట తియ్" అన్నాడు. ఆ నీరసపు గొంతు వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారి హాలు నడుమ నా పాత చీర అడ్డంగా కట్టాను. అటు మగవాళ్ల నిద్ర, ఇటు మా చదువు. పక్క గుడిసె పోశవ్వ గుసగుసలాడినా నల్లా దాకా వినిపిస్తుంది. "నోరు తెరిచినవో, నాలుక కోస్త" అని ముందే బెదిరించాను. బలపాలు కీచుమనకుండా నీళ్లలో ముంచాం. ఒక కిటికీకి గోనె చాలకపోతే చేతికందిన గుడ్డ తడిపి కట్టేశాను.

దొరసాని వచ్చింది. పొడుగు మనిషి, ఎండకు కందిన మొహం. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిందట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సారు గొంతు సవరించుకుని "అమ్మలారా!" అని మొదలుపెట్టాడు.

"మెల్లగ, సారూ! డ్యూటీ చేసొచ్చినోళ్లు పండుకున్నరు" అన్నాను నేను.

సారు మొహంలో నెత్తుటి చుక్క లేదు. దొరసాని నేను అడ్డం కట్టిన చీరను పక్కకు జరిపి అటు చూసింది. వరసగా చాపలు, కడిగినా నలుపు పోని పాదాలు. చెప్పులు విడిచి వచ్చి పోశవ్వ పక్కన కూర్చుంది, ఆమె పలక చూసి తలూపింది. ఆ చల్లదనంలో, ఆ చీకట్లో కాసేపటికి ఆమె తల వాలింది. ఉలిక్కిపడి సర్దుకుంది. మళ్లీ వాలి పోశవ్వ భుజం మీద ఆగింది.

పోశవ్వ ఊపిరి బిగబట్టి నావైపు చూసింది. సారు లేపబోతే నేను అడ్డం నిలబడ్డాను.

"ముట్టకు సారూ. పండుకున్నోళ్లను లేపుడు ఈడ లేదు."

"ఆమె దొరసాని, లింగవ్వా!"

"అయితేంది? రాత్రంత రైల్ల కూసున్నది. పాపం, పండుకోనియ్యి."

మధ్యాహ్నం షిఫ్టు సైరన్ కూసేదాకా ఆమె నిద్రపోయింది. ఆ మోతకు మగవాళ్లూ లేచారు. రాజం చెదిరిన జుట్టుతో అడ్డుచీర పైకెత్తి ఇటు వచ్చాడు. కళ్లు నులుముకుంటున్న దొరసానిని చూసి, "నిద్ర మంచిగ పట్టిందా అమ్మా?" అని అడిగాడు.

సారు తర్జుమా చేశాడు. ఆమె చెవుల దాకా ఎర్రబడి, పకపకా నవ్వింది. పోశవ్వ భుజం నిమిరింది. తర్వాత సారుతో ఏదో చాలాసేపు చెప్పింది.

"ఏమన్నది సారూ?"

"హాలు గిట్లనే నడవనియ్యమన్నది. పొద్దంత నిద్ర, పొద్దుగూకితే చదువు. మిగిలిన పైసలతోని కిటికీలకు చెక్క తలుపులు పెట్టియ్యమన్నది." తాళంచెవి నా చేతిలోనే ఉంచేశాడు.

నాకు ఏడుపొచ్చింది. పోశవ్వకు మాత్రం నోరొచ్చింది. "ఓ దేవుడా! నా బుజం తిమ్మిరెక్కి సచ్చిపోయింది" అని అరిస్తే వరసంతా వినిపించింది.

అప్పుడే కిటికీ దగ్గర రాజం కేక పెట్టాడు.

"గిది నా కొత్త లుంగీ గాదె?"

"అవును. అయితేంది?"

"బుద్ధున్నదా నీకు? ఒక్కపారి గూడ కట్టలే. గోనెసంచిలెక్క కిటికీకి కడ్తవా?"

దొరసాని ముందే అంత గొంతేసుకుని తిట్టాడు. జనం గుమిగూడారు. నేనూ తగ్గలేదు, మాటకు మాట అన్నాను. లోపల మాత్రం, తిట్టు బావా, ఇంకా తిట్టు అనుకుంటున్నాను.