ఎలుగుబంటి అసలు తల్లి

“అంకుల్, యువర్ స్టోరీ ఈజ్ రష్యన్!” అంది తొమ్మిదేళ్ల రిషిత.

“రేషనా? కార్డిఫ్‌ల మనకు కార్డెవరిస్తరు బిడ్డా!” అన్నాడు అప్పుడే కథ చెప్పి ముగించిన హన్మంతు. బ్రిటన్‌లోని ఆ తెలుగు బడికి వచ్చిన తల్లిదండ్రులంతా పగలబడి నవ్వారు.

రిషిత లైబ్రరీ పుస్తకం చూపించింది. అట్టమీద చెప్పులు కుట్టే ఎలుగుబంటి ఉంది. ఆరేళ్లుగా తన సొంత కథ అని చెప్పుకుని, హన్మంతు శాలువాలు కప్పించుకున్న ఎలుగుబంటే అది! ఆ నవ్వుల్లో హన్మంతు మెల్లగా జారుకోవచ్చు. కానీ అందరూ తనను చూసే నవ్వుతున్నారనుకుని పిల్ల తల దించుకుంది. హన్మంతు ఆ పుస్తకం అందుకుని అందరికీ కనబడేలా ఎత్తి పట్టాడు.

“నవ్వకుండ్రి. పిల్ల రష్యన్ అన్నది, నేను రేషన్ అని విన్న. కథ నాది కాదు, ఈ సోవియట్ రచయిత్రిది. చిన్నప్పుడు ఖమ్మంల దీని తెలుగు అనువాదం కొనుక్కొని చదివిన. ఆమె పేరు మింగి, నేను పేరు తెచ్చుకున్న.”