పడటం నేర్పిన మనిషి

విమలకుమారి పిల్లలకు మొదట నేర్పేది పడటం. మోకాలు, తుంటి, భుజం, అరచెయ్యి వరసగా నేలను తాకాలి. చప్పుడు కాకూడదు. కలకత్తాలో కొత్త తరహా నాట్యం నేర్చుకుని, డెబ్బయ్యారులో ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న భిలాయి వచ్చి, సెక్టర్ ఆరులో అన్నగారి క్వార్టర్ ముందుగదిలో బడి పెట్టింది. గజ్జెలు లేవు, ముద్రలు లేవు. చూసినవాళ్ళు నవ్వారు. ఆరేళ్ళకు భోపాల్ నుంచి ప్రదర్శనకు పిలుపు వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది.

అందులో ముఖ్యపాత్రలు రెండు. ఒకటి తనది, రెండోది పదిహేడేళ్ళ డైసీది. డైసీ పడితే పట్టుగుడ్డ జారినట్టుండేది.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు డైసీ తండ్రి మరియదాసు డ్యూటీ దిగి, ఇనప సైకిలు పంపు చేతపట్టుకుని పాఠం మధ్యలో వచ్చాడు. డైసీ లోపలి గదిలోకి పరుగెత్తింది. ఆ గదికి మరో దారి లేదు. విమలకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఏటి టీచరమ్మా నువ్వు నేర్పింది? నిన్న నాలుగు దెబ్బలేసాను. ఏడవదు. పిల్లిలాగ పడతాది, లేస్తాది. తండ్రంటే ఆటగా ఉందేటి?”

“దెబ్బ తగ్గాలని అలా పడింది, మరియదాసుగారూ.”

“దెబ్బ తగ్గిపోతే ఇంక కొట్టడం ఎందుకూ? భోపాలూ లేదు, గీపాలూ లేదు. జరుగు.”

“జరగను.”

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఒళ్ళు దానంతటదే వాలబోయింది. ఏళ్ళ తరబడి అలవాటు. వాలితే గుమ్మం ఖాళీ. రెండు చేతులా ద్వారబంధం పట్టుకుంది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. నెత్తురు మింగింది. మూడోది మోకాలి మీద. ఎముక విరిగిన చప్పుడు గోడకు అంటుకుపోయిన పిల్లలందరికీ వినబడింది. అయినా చేతులు వదల్లేదు.

“కొట్టకు నాన్నా! వచ్చేస్తాను.” డైసీ ఆమె చెయ్యి కిందినుంచి దూరి బయటికొచ్చింది. వెక్కుతూ వెనక్కి తిరిగింది. “మీరు పడిపోయుంటే ఒక్క దెబ్బతో అయిపోయేది కదా దీదీ!”

అప్పుడు పడింది విమలకుమారి. గోడ కూలినట్టు పడింది.

భోపాల్ పోయింది. మోకాలు మళ్ళీ వంగలేదు. మరియదాసుతో రాజీ పడమని తెలుగు సంఘం పెద్దలు వచ్చారు. కూర్చోమని కూడా అనకుండా పంపేసింది.

మూడు నెలలకు, కుర్చీలోంచి పాఠం చెబుతుండగా డైసీ వచ్చింది. కంటి కింద కమిలి నల్లబడి ఉంది.

“క్షమించండి దీదీ.”

“క్షమించను. మీ నాన్ననీ క్షమించను, నా చెయ్యి కిందినుంచి దూరిపోయిన నిన్నూ క్షమించను. చలికాలంలో రాయపూర్‌లో ప్రదర్శన ఉంది. నా పాత్ర నువ్వు ఆడాలి. మీ నాన్నది ఏ షిఫ్టు?”

“బి షిఫ్టు. పది దాకా రాడు.”

“అయితే పది దాకా పడు.”

డైసీ చెప్పులు విప్పింది. మూడు నెలల్లో ఆమె ఒళ్ళు పడటం మరిచిపోయింది. మొదటిసారే మోచెయ్యి గీరుకుని గచ్చు మీద నెత్తురు అంటింది. విమలకుమారి ఆగమనలేదు.